అమృతాంజనం అమ్మి అక్షరం పంచిన ఎలకుర్రు పంతులు

పామర్రు: తలనొప్పి వస్తే అమృతాంజనం రాసుకోని ఇల్లు మన జిల్లాలో ఒకప్పుడు లేదంటే అతిశయోక్తి కాదు. నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళు నడుముకి, దమ్ము చేసి వచ్చిన మగవాళ్ళు పిక్కలకి, పరీక్షలకు చదివే పిల్లలు కణతలకి రాసుకునే ఆ పసుపుపచ్చటి మందును ఎరగనివారు లేరు. కాని ఆ సీసా వెనుక ఉన్న మనిషి మన పామర్రు మండలం ఎలకుర్రు వాడని ఎంతమందికి తెలుసు? ఈ మధ్య ఒక హైస్కూలు దగ్గర పదో తరగతి పిల్లలను అడిగి చూశాను. ఇరవై మందిలో ఇద్దరికి తెలుసు. వారిలో ఒకడిది ఆ ఊరే.

ఆయన పేరు కాశీనాథుని నాగేశ్వరరావు. పెద్దవాళ్ళు నాగేశ్వరరావు పంతులుగారనే అంటారు. జనం పెట్టిన పేర్లు విశ్వదాత, దేశోద్ధారక. మందు అమ్మి సంపాదించిన డబ్బుతో తెలుగువాళ్ళకు దినపత్రిక ఇచ్చారు, మాసపత్రిక ఇచ్చారు, చౌకగా పుస్తకాలు ఇచ్చారు. స్వరాజ్య ఉద్యమానికి డబ్బిచ్చి ఊరుకోక తానే జైలుకు వెళ్ళారు. ఆయన కన్నుమూసింది 1938 ఏప్రిల్ 11న.

ఉప్పెన వచ్చిన మూడేళ్ళకి

పంతులుగారు పుట్టింది 1867 మే 1. తండ్రి బుచ్చయ్య, తల్లి శ్యామలాంబ. ఆ కాలం మన జిల్లాకు ఎటువంటి కాలమో ఒకసారి గుర్తు చేసుకోవాలి. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయి పన్నెండేళ్ళయింది. కాలవలు ఒక్కొక్కటే దిగువకు వస్తున్నాయి. మెట్ట చేలు మాగాణి అవుతున్నాయి. ఇంకోపక్క 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదకు ఉప్పెన వచ్చి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన బందరు ఆ దెబ్బ నుంచి సరిగా తేరుకోలేదు. వ్యాపారం మద్రాసు వైపు, కాకినాడ వైపు తరలిపోతోంది. కాలవలొచ్చి పల్లె బాగుపడుతున్న రోజుల్లోనే రేవు చల్లబడి పట్నం చిక్కిపోతోంది. అటువంటి రోజుల్లో పెరిగిన కుర్రవాడు ఆయన.

ఎలకుర్రులో అక్షరాలు దిద్ది, బందరులో చదివి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. 1891లో బి.ఏ. ప్యాసయ్యారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే మాటలు కాదు. తాలూకాకి ఒకరిద్దరు ఉంటే గొప్ప. ప్యాసయినవాడికి సర్కారు కొలువు వెతుక్కుంటూ వచ్చేది. తాసిల్దారు కచేరీలో కుర్చీ వేసుకుని కూర్చుని, రిటైరయ్యాక పింఛను పుచ్చుకుని, ఊళ్ళో నాలుగెకరాలు కొనుక్కుని హాయిగా బతకవచ్చు. తోటివాళ్ళు చాలామంది చేసిందీ అదే. ఈయన మాత్రం ఆ దారిన పోలేదు. వ్యాపారం చేస్తానన్నారు.

వ్యాపారమంటే ఇంట్లో పెట్టుబడి ఉండాలి, లేకపోతే చేతిలో పనితనం ఉండాలి. పనితనం కోసం ఆయన ఊళ్ళు తిరిగారు. కొంతకాలం కలకత్తాలో ఉన్నారు. అక్కణ్ణించి బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీ అనే సంస్థలో ఉద్యోగానికి కుదిరారు. భాష కొత్త, తిండి కొత్త, మనుషులు కొత్త. కంపెనీ పనిలో మెలకువలన్నీ నేర్చుకుని చివరికి ఆ కంపెనీకే యజమాని అయ్యారు. జీతానికి చేరినవాడు యజమాని కావడం ఇవాళ కూడా కథల్లోనే చూస్తాం.

సీసాలో మందు

1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలైంది. అప్పటికి ఆయన వయసు 26.

ఆ వ్యాపారంలో ఉన్న తెలివి గమనించదగ్గది. చిన్న సీసా. బరువు లేదు. ఎండకు, వానకు తొందరగా చెడదు. రైలు పార్సిలులో ఎంత దూరమైనా వెళుతుంది. డాక్టరు అక్కర్లేదు, చీటీ అక్కర్లేదు. రాసుకుంటే చురుక్కుమంటుంది, ఆ చురుకుతోనే మనిషికి గురి కుదురుతుంది. మొదట్లో సీసా వెల పది అణాలని చెబుతారు. పది అణాలంటే ఆనాడు తక్కువేమీ కాదు. కూలి మనిషికి అది కొన్ని రోజుల కష్టం. అయినా ఒక సీసా కొంటే ఇంటిల్లిపాదికీ నెలల తరబడి వస్తుంది. ఇరుగుపొరుగుకి వేలితో అద్ది ఇచ్చినా తరగదు. మా అమ్మ ఇప్పటికీ అంతే, సీసా అడుగు కనిపించాక కూడా పుల్లతో గీకి వారం రోజులు వాడుతుంది.

మందు మంచిదైతే చాలదు, పదిమందికీ తెలియాలి. సంగీత కచేరీలు జరిగేచోట ఉచితంగా పంచిపెట్టి జనానికి అలవాటు చేశారట. మూడు నాలుగు గంటలు కదలకుండా కూర్చుని పాట వినేవాడికి తలనొప్పి వస్తుంది, మెడ పడుతుంది. అక్కడికక్కడే మందు, అక్కడికక్కడే గుణం. ఒకసారి రుచి తగిలినవాడు మర్నాడు కొట్టుకు వెళ్ళి కొనుక్కుంటాడు. ఇవాళ పెద్ద కంపెనీలు చిన్న ప్యాకెట్లు ఊరికే ఇస్తున్నది ఇందుకే. పంతులుగారికి ఆ కిటుకు ఎప్పుడో తెలుసు.

లాభం వచ్చింది, బాగా వచ్చింది. ఇక్కడితో ఆగి ఉంటే ఆయన బొంబాయిలో మేడ కట్టుకున్న ఒక తెలుగు షావుకారుగా మిగిలేవారు. ఆయన గురించి ఇవాళ రాసే పనే ఉండేది కాదు.

సూరత్ నుంచి వచ్చాక

బొంబాయిలో ఆనాడు తిలక్ మహాశయుడి మాట మంత్రంలా పనిచేసేది. వంగరాష్ట్రాన్ని రెండుగా చీల్చినందుకు 1905 నుంచి స్వదేశీ ఉద్యమం రగులుతోంది. 1907లో సూరత్‌లో కాంగ్రెసు మహాసభ జరిగింది. అతివాదులు, మితవాదులు కొట్టుకుని విడిపోయిన సభ అది. దానికి పంతులుగారు వెళ్ళారు. అక్కడ మహారాష్ట్రులకు కేసరి ఉంది, వంగీయులకు వాళ్ళ పత్రికలున్నాయి. తెలుగువాళ్ళకు జరిగింది జరిగినట్టు చెప్పే పెద్ద పత్రిక లేదు. మన బందరులో 1902 నుంచి కృష్ణాపత్రిక వస్తున్నమాట నిజమే. ఇంకా కొన్ని ఉన్నాయి. కాని దేశమంతటి వార్తలూ మోసుకొచ్చే బలం వాటికి చాలదు. తెలుగు పత్రిక పెట్టాలన్న ఆలోచన ఆయనకు అక్కడే గట్టిపడిందంటారు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. ఎక్కడ? తెలుగుదేశంలో కాదు, బొంబాయిలో! తెలుగు అక్షరాలు కూర్చే కంపోజిటర్లు అక్కడ ఎంతమంది దొరుకుతారో ఊహించుకోవచ్చు. అచ్చయిన పత్రిక తపాలాలో ఎక్కి మన ఊళ్ళకు వచ్చేసరికి రోజులు పట్టేది. అయినా జనం ఎదురుచూశారు. 1910 నుంచి ఉగాదికి ప్రత్యేక సంచిక వేయడం మొదలుపెట్టారు. కథలు, పద్యాలు, చరిత్ర, శాస్త్రం, బొమ్మలు కలిపిన లావుపాటి సంచిక. పండక్కి కొత్త బట్టలు, ఉగాది పచ్చడి, ఆంధ్రపత్రిక ఉగాది సంచిక అన్నంతగా చదువుకున్న ఇళ్ళలో అది అలవాటైంది. తర్వాత వచ్చిన పత్రికలన్నీ ఆ బాటే పట్టాయి. ఇప్పటి దీపావళి సంచికలకు, సంక్రాంతి సంచికలకు ముత్తాత అదే.

1914లో పంతులుగారు పత్రికను మద్రాసుకు మార్చారు. ఆ ఏడు ఏప్రిల్ 1న ఆంధ్రపత్రిక దినపత్రిక అయింది. అమృతాంజనం కూడా మద్రాసు చేరింది. అప్పటికి ఆయనకు 47 ఏళ్ళు. బొంబాయిలో ఇరవై ఏళ్ళు పాతుకున్న వ్యాపారాన్ని ఆ వయసులో పెకలించి మరోచోట నాటడం ఎంత సాహసమో ఎరువుల కొట్టు ఒక వీధి నుంచి ఇంకో వీధికి మార్చినవాడిని అడిగితే చెబుతాడు.

పత్రిక పుట్టిన నాలుగు నెలలకి ఐరోపాలో మహాయుద్ధం మొదలైంది. సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మనీ యుద్ధనౌక మద్రాసు మీదే గుళ్ళు కురిపించింది. రేవులో చమురు ట్యాంకులు తగలబడ్డాయి. జనం పట్నం వదిలి పారిపోయారు. ఎక్కడో జరుగుతున్న యుద్ధం గుమ్మంలోకి వచ్చేసరికి వార్త కోసం అందరూ తహతహలాడారు. అప్పటికి బెజవాడ నుంచి బందరుకు రైలు పడి ఆరేళ్ళయింది. మద్రాసులో అచ్చయిన కాగితం మెయిలులో ఎక్కి బెజవాడ వచ్చి, అక్కడ బండి మారి, స్టేషనులో దిగి, తపాలా జవాను సంచిలో ఊళ్ళకు చేరేది. ఊరికి ఒక ప్రతి వస్తే గొప్ప. కరణంగారి అరుగు మీదో, మునసబుగారి చావడిలోనో ఒకరు చదివితే పదిమంది వినేవారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆంధ్రపత్రిక భాష చాలాకాలం గ్రాంథికమే. చదువు రానివాడికి విన్నా సగం అర్థమయ్యేది కాదు. చదివేవాడు మధ్యలో ఆగి వాడుక మాటల్లో విప్పి చెప్పాల్సి వచ్చేది. గిడుగువారు వ్యావహారికం కోసం పోరాడుతున్న రోజుల్లోనే ఇంత పెద్ద పత్రిక పాత భాషను పట్టుకు కూర్చోవడం నా మటుకు నాకు ఒక లోటుగానే తోస్తుంది. దేశానికి ముందు నడిచిన మనిషి భాష విషయంలో మాత్రం వెనక నడిచారు.

పత్రికకు అన్నం పెట్టిన మందు

పత్రిక నడపడమంటే ఏనుగును మేపడం లాంటిదని ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. కాగితం, సిరా, యంత్రాలు, జీతాలు, తపాలా ఖర్చు. పైగా తెల్లవాడి ప్రభుత్వం. 1910లో వచ్చిన ప్రెస్సు చట్టం కింద కలెక్టరు ఎప్పుడు కావాలంటే అప్పుడు ధరావతు కట్టమనవచ్చు. రాసింది నచ్చకపోతే ఆ డబ్బు స్వాహా చేయవచ్చు. దేశభక్తితో పత్రికలు పెట్టి ఇల్లు గుల్ల చేసుకున్న మహానుభావులు ఎందరో. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1921లో మద్రాసులో స్వరాజ్య అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. బారిస్టరుగా సంపాదించిన లక్షలు దాని కిందే హరించుకుపోయాయి. చివరికి పత్రికా నిలవలేదు, డబ్బూ మిగల్లేదు.

ఇద్దరిలో ఎవరి త్యాగమూ తక్కువది కాదు. తేడా ఎక్కడంటే, ప్రకాశం పంతులుగారు ప్రాక్టీసు వదిలేసి పత్రిక పట్టారు. నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం వదల్లేదు. బావిలో ఊట ఉన్నంతకాలం తోడుకోవచ్చునని ఆయనకు తెలుసు. పత్రికలో నష్టం వస్తే మందులో వచ్చిన లాభంతో పూడ్చారు. పత్రికలో మందు ప్రకటన, మందు డబ్బుతో పత్రిక. పత్రిక చదివినవాడు మందు కొన్నాడు, మందు కొన్నవాడు తనకు తెలియకుండానే పత్రికను పోషించాడు. ఆ లెక్కన తలనొప్పికి సీసా కొన్న మన అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా స్వరాజ్య ఉద్యమానికి తలా కాస్త చందా ఇచ్చినట్టే.

1924 జనవరిలో భారతి అనే సాహిత్య మాసపత్రిక తెచ్చారు. అందులో రచన పడితే పండితుల్లో పీట వేసినట్టే. 1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేయడం మొదలుపెట్టారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో అచ్చు వేయించింది ఈ గ్రంథమాలే. తాళపత్రాల్లో పడి పురుగులకు ఆహారమవుతున్న పుస్తకాలను జనం కొనగలిగే వెలకు ఇవ్వడం ఆయన పట్టుదల.

ఇంకొక పని ఉంది. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం రాయాలని పూనుకున్నారు. లోకంలో ఉన్న విషయాలన్నిటినీ అకారాది క్రమంలో చెప్పే పుస్తకం. అ అనే అక్షరంతో మొదలుపెట్టి మూడు సంపుటాలు తెచ్చేసరికి 1923లో ఆయన కాలం చేశారు. అక్షరమాలలో మొదటి అక్షరం దగ్గరే పని ఆగిపోయింది. ఇరుగుపొరుగు భాషలవాళ్ళు నవ్వరా? నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారాన్ని నెత్తికెత్తుకుని పండితులను కూర్చి, డబ్బు పెట్టి, 1930ల్లో మళ్ళీ సంపుటాలు తెచ్చారు. అమ్మితే వచ్చే డబ్బుతో ఖర్చు రాదని ఆ వ్యాపారికి తెలియక కాదు.

ఊరూరా గ్రంథాలయం

పత్రిక, పుస్తకం అచ్చువేస్తే సరిపోదు, చదివే చోటు కావాలి. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణం. ఊరి రచ్చబండ దగ్గర పూరిపాకలో నాలుగు పుస్తకాలు, ఒక లాంతరు, ఒక చాప, ఇదీ ఆనాటి గ్రంథాలయం. కృష్ణ అవతల పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవలో పడవ మీద పుస్తకాలు తీసుకువెళ్ళి రేవు రేవునా ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఈ ఉద్యమానికి నాగేశ్వరరావు పంతులుగారు పెద్ద అండ. గ్రంథాలయాలకు డబ్బిచ్చారు, పుస్తకాలిచ్చారు. ఎవరైనా వచ్చి మా ఊళ్ళో పుస్తకశాల పెట్టుకుంటామంటే వట్టి చేతులతో పంపేవారు కాదని చెబుతారు.

ఇవాళ మన ఊళ్ళలో ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. రసీదు చూసుకుంటే కనిపిస్తుంది. నేను తిరిగే ఊళ్ళలో ఒకచోట ఆ గ్రంథాలయం తలుపు తీసి ఉండగా చూసి చాలాకాలమైంది. కిటికీలోంచి తొంగిచూస్తే బీరువాలు కనబడతాయి, పుస్తకాలు కనబడతాయి, తీసేవాళ్ళే కనబడరు. మెట్ల మీద కుర్రాళ్ళు కూర్చుని ఫోను చూసుకుంటారు. పంతులుగారి జిల్లాలో ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆ ఊరి పెద్దలు ఇది చదివితే తాళం ఎవరి దగ్గరుందో వాకబు చేస్తారని ఆశ.

అరవై మూడేళ్ళ వయసులో ఉప్పు

డబ్బున్నవాడు ఉద్యమానికి చందా ఇస్తాడు. పోలీసులొచ్చే వేళకు పక్కకు తప్పుకుంటాడు. ఇది లోకంలో ఉన్నదే, తప్పు పట్టనక్కర్లేదు. కంపెనీ ఉంది, పనివాళ్ళున్నారు, వాళ్ళ కుటుంబాలున్నాయి. యజమాని జైల్లో కూర్చుంటే వాళ్ళ గతేమిటి? పంతులుగారు కూడా ఈ సాకు చెప్పి ఉండవచ్చు. చెబితే ఎవరూ కాదనేవారు కాదు.

1930 ఏప్రిల్‌లో గాంధీగారు దండిలో ఉప్పు పట్టుకున్నాక మద్రాసులో ఉప్పు సత్యాగ్రహానికి ప్రకాశం పంతులుగారు, నాగేశ్వరరావు పంతులుగారు ముందు నిలబడ్డారు. అప్పటికి ఈయనకు 63 ఏళ్ళు నిండవస్తున్నాయి. అరెస్టయ్యారు. శిక్ష పడింది. బొంబాయిలో కంపెనీ నడిపిన మనిషి, మద్రాసులో బంగళా ఉన్న మనిషి జైలు కూడు తిన్నారు. అక్కడ కూడా ఊరికే కూర్చోలేదు. భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు.

ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్ష పదవి ఆయనను వరించింది. 1934 ఎన్నికల్లో గోదావరి, కృష్ణా జిల్లాల తరఫున ఢిల్లీ శాసనసభకు వెళ్ళారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదునిచ్చి గౌరవించింది. పదవుల సంగతి ఇంతటితో చాలు. ఆయనకు పేరు వచ్చింది వాటివల్ల కాదు.

పేరు వచ్చింది ఇవ్వడం వల్ల. విద్యార్థి జీతం కట్టలేనంటే ఇచ్చారు. కవి పుస్తకం అచ్చువేసుకోలేనంటే ఇచ్చారు. జాతీయ పాఠశాలకు ఇచ్చారు, ఖద్దరుకు ఇచ్చారు. అడిగినవాడు నిజం చెబుతున్నాడా అబద్ధం చెబుతున్నాడా అని తరచి చూసే అలవాటు లేదట. మోసం చేసి పట్టుకుపోయినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. సీసాలో ఎంత మందు పట్టాలో, ఏ ఊరికి ఎన్ని పెట్టెలు వెళ్ళాలో చూసుకున్న మనిషి ఇచ్చేచోట మాత్రం లెక్క చూడకపోవడం విచిత్రమే. 1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది.

శ్రీబాగ్‌లో ఒక సాయంత్రం

మద్రాసులో పంతులుగారి ఇంటి పేరు శ్రీబాగ్. ఆ పేరు వినగానే చదువుకున్నవాళ్ళకు ఒడంబడిక గుర్తుకొస్తుంది.

అప్పట్లో మన జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం కావాలని 1913 బాపట్ల మహాసభ నుంచీ అడుగుతున్నాం. కోస్తావాళ్ళం అడుగుతుంటే రాయలసీమవాళ్ళు అనుమానంగా చూసేవారు. వారి అనుమానానికి కారణం లేకపోలేదు. కాలవలు మనకున్నాయి, కాలేజీలు మనకున్నాయి, విశ్వవిద్యాలయం కూడా మనవైపే వెళ్ళింది. మద్రాసు వదిలి వస్తే అరవ పెత్తనం పోయి కోస్తా పెత్తనం వస్తుందేమో, పెనం మీంచి పొయ్యిలో పడతామేమో అన్నది వారి భయం.

1937 నవంబరు 16న రెండు వైపుల పెద్దలూ శ్రీబాగ్‌లో కూర్చున్నారు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, కొండా వెంకటప్పయ్యగారు, కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు మొదలైనవారు. విశ్వవిద్యాలయం అనంతపురంలో కూడా ఒక కేంద్రం పెట్టాలి. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే హక్కు ముందు సీమవాళ్ళది. రెండూ ఒకేచోట ఉండకూడదు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో పదేళ్ళపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, రాయలసీమ, నెల్లూరు అవసరాలకు ముందు చోటు ఇవ్వాలి. ఇటువంటి షరతులు రాసుకుని సంతకాలు చేశారు.

కృష్ణ నీటిలో ముందు వాటా అవతలివారిదని ఒప్పుకున్నది ఎవరింట్లో? కృష్ణ కాలవల కింద పుట్టి పెరిగిన మనిషి ఇంట్లో. మన ఆయకట్టు రైతులు ఒక్క నిమిషం ఆగి ఆలోచించవలసిన విషయమిది. పక్కవాడికి నమ్మకం కలగకుండా ఇల్లు కలవదని ఆ పెద్దలకు తెలుసు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డప్పుడు రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్ళింది ఆ కాగితం పుణ్యమే. నీళ్ళ షరతు ఎంతవరకు నిలబెట్టుకున్నామని సీమవాళ్ళు నేటికీ శ్రీబాగ్ పేరెత్తి అడుగుతూనే ఉన్నారు. అడగడానికి వారికి హక్కుంది.

ఇల్లిచ్చిన పెద్దమనిషి ఆంధ్రరాష్ట్రాన్ని చూడలేదు. ఒడంబడిక జరిగిన అయిదు నెలలకే, 71 ఏళ్ళు నిండకుండానే వెళ్ళిపోయారు. స్వరాజ్యం రావడమూ చూడలేదు.

తర్వాత

పత్రిక, కంపెనీ బాధ్యతలు అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు తీసుకున్నారు. పంతులుగారి తర్వాత కూడా అర్ధశతాబ్దం పైగా ఆంధ్రపత్రిక నడిచింది. ఎనభైల్లో పోటీ పెరిగింది. ఊరూరికీ తెల్లవారేసరికి వచ్చే పత్రికలు వచ్చాయి. రంగులొచ్చాయి, జిల్లా పేజీలొచ్చాయి. పాత పత్రిక తట్టుకోలేకపోయింది. 1991లో ఆంధ్రపత్రిక ఆగింది, భారతి కూడా ఆగింది. అమృతాంజనం కంపెనీ మాత్రం చెన్నైలో నేటికీ ఉంది. బిడ్డ పోయినా పెంచిన తల్లి బతికి ఉన్నట్టు, పత్రిక పోయి మందు మిగిలింది.

మైలాపూరు లజ్ ప్రాంతంలో నాగేశ్వరరావు పార్కు ఉంది. పొద్దున్నే అక్కడ నడకకు వచ్చే అరవవాళ్ళకు ఆ పేరు బాగా తెలుసు. వైద్యం కోసమో, చదువు కోసమో చెన్నై వెళ్ళే మనవాళ్ళు ఒకసారి ఆ గేటు దగ్గర ఆగి బోర్డు చదివి రావచ్చు.

ఆంధ్రపత్రిక, భారతి పాత సంచికలను ప్రెస్ అకాడమీవారు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఫోను ఉన్న ఏ కుర్రాడైనా తెరిచి చూడవచ్చు. పామర్రులో నెట్ సెంటరులో కూర్చుని నేను కొన్ని సంచికలు తిరగేశాను. ఊళ్ళ పేర్లు వెతుక్కుంటూ పోతే సాయంత్రమైంది. మా ఇంట్లో కూడా తాతయ్య దాచిన ఉగాది సంచిక ఒకటి భోషాణంలో ఉండేది. అట్ట పోయింది, అంచులు చెదలు తిన్నాయి. లోపలి పేజీలో అమృతాంజనం ప్రకటన బాగానే ఉంది. దాన్ని అట్టముక్కల మధ్య పెట్టి దారంతో కట్టి పైన పెట్టాను. ఎలకుర్రు పిల్లలు ఎవరైనా చూస్తామంటే తీసి చూపిస్తాను.